కనబడని నీలం చేప

"ఆ అబ్బాయికేమన్నా అయితే వాళ్ళమ్మకి నేనేం చెప్పుకోనే?" అన్నాను, ఇంకా చెప్పులైనా విడవకముందే.

"అమ్మా, మోకాలి లోతు నీళ్ళే," అంది మా అమ్మాయి.

"మోకాలి లోతులో మునిగినవాళ్ళు లేరా?"

"ఉంటే వాళ్ళు నా దగ్గర నేర్చుకుని ఉండరు."

మా అమ్మాయి ఈత టీచరు. వారమంతా పిల్లలకు కొలనులో నేర్పుతుంది. ఆదివారం మాత్రం ఈ రాళ్ళ ఒడ్డుకు వచ్చి, మొహానికి మాస్క్, నోట్లో గొట్టం పెట్టుకుని సముద్రంలో చేపల్ని చూస్తుంది. జోడు లేకుండా దిగకూడదని దాని పట్టుదల. జోడుగా వచ్చే స్నేహితురాలు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయాక, ఒడ్డున కూర్చుని నీళ్ళవంక చూసి తిరిగొచ్చేది. పక్కన నేనుండేదాన్ని. నాకు ఈత రాదు. పక్కనున్నానన్న మాటే గానీ దానికి తోడు కాలేకపోయాను.

అలాంటి రోజుల్లో మా బిల్డింగ్ లిఫ్టు ఆగిపోయింది, మా అమ్మాయి లోపల ఉండగా. మెకానిక్ వచ్చి తలుపు సందులోంచి, "భయపడకండి మేడమ్," అన్నాడు.

"భయపడేది మా అమ్మ. ముందు ఆవిడకి మంచినీళ్ళివ్వండి," అంది లోపల్నుంచి.

తర్వాత పరిచయం పెరిగి, నేర్పితే జోడుగా నేనొస్తానన్న ఆ మెకానిక్కే ఇప్పుడు మా ముందు నిక్కరుతో వణుకుతూ నిలబడ్డాడు.

"టీచరుగారూ, గొట్టంలోకి నీళ్ళొస్తే?"

"గట్టిగా ఊదెయ్."

"మింగేస్తే?"

"ఇవాళ కూరలో ఉప్పు మానెయ్."

అతను నవ్వాడు. అది నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను.

"కళ్ళద్దాలు తీసేస్తే కనిపిస్తుందా?" అని అడిగింది.

"ఇవి తలనొప్పికండీ. లేకపోయినా శుభ్రంగా కనిపిస్తుంది."

చేయీ చేయీ పట్టుకుని నీళ్ళమీద బోర్లా పడుకున్నారు. పైకి రెండు గొట్టాలే కనిపిస్తున్నాయి. కాస్త అల వచ్చి గొట్టం కదిలితే చాలు, రెండూ ఉన్నాయో లేదోనని మళ్ళీ లెక్కపెట్టుకునేదాన్ని.

బయటికి రాగానే అది గుక్కతిప్పుకోకుండా అడిగింది. "ఆ నీలం చేపని చూశావా?"

"ఊ! అబ్బ, ఎంత బాగుందో!"

తర్వాత అతను తువ్వాలు ఆరేసి ఉన్న రాయి దగ్గరికెళ్ళి, "ఆంటీ, ఎండగా ఉంది, గొడుగు వేసుకోండి," అన్నాడు. నేను ఇవతల కూర్చుని ఉన్నాను. ఉప్పునీళ్ళు తలకెక్కాయేమోనని హడలిపోయానే తప్ప, అసలు సంగతి నాకు తట్టలేదు.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఇంట్లో మా అమ్మాయి కూనిరాగాలు తీయడం మొదలుపెట్టింది. అదీ నాకు భయమే.

ఒకరోజు అతను కుంటుతూ బయటికొచ్చాడు. నీళ్ళలో రాళ్ళను పట్టుకుని నల్లటి ముళ్ళబంతిలాంటి జీవులుంటాయి, వాటిమీద కాలేశాడు. మా అమ్మాయి పట్టకారుతో ఒక్కొక్క ముల్లూ తీస్తూ అడిగింది.

"వేలు పెట్టి చూపించాను కదా, కనబడలేదా?"

అతను ఒడ్డున పెట్టిన కళ్ళద్దాలను తడిమి అందుకున్నాడు.

"నీలం చేప?"

"మీరు చూపించిన వైపు తిరిగి ఊ అన్నాను. అద్దాల్లేకపోతే నాకంతా మసకేనండీ. చెబితే వద్దంటారని..."

"లిఫ్టు గుంతలో పనిచేసేటప్పుడు పైన స్విచ్చి దగ్గర మనిషిని పెడతావు కదా. కళ్ళు కనబడనివాణ్ణి పెడతావా?"

"పెట్టను."

"నాకేమన్నా అయితే చూసేవాడివి నువ్వే అనుకుని ఇన్నాళ్ళూ దిగాను."

అరిచినా బాగుండేది. మెల్లగా అంది. పట్టకారు అతని చేతిలో పెట్టి బట్టలు సర్దుకుంది.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. అన్నం తినేది, పళ్ళెం కడిగేది, తలుపేసుకునేది. లిఫ్టు ఎక్కడం మానేసి నాలుగంతస్తులూ మెట్లెక్కేది. మోకాళ్ళు అరిగిపోతాయే అన్నా వినలేదు.

ఉండబట్టలేక అతనికి ఫోన్ చేశాను. "కాలు వాచిందా నాయనా? జ్వరమా? చీము పట్టిందా?"

"కాలు బాగుందాంటీ. టీచరుగారెలా ఉన్నారు?"

"మెట్లెక్కుతోంది."



ఆదివారం మేం ఒడ్డుకెళ్ళేసరికి అతను అక్కడున్నాడు. చేతిలో కొత్త మాస్క్. తన చూపుకు తగ్గ అద్దాలు వేయించి తెచ్చుకున్నాడట. అది మొహం తిప్పుకుంది. అతనొక్కడే రాళ్ళ మధ్య మోకాలి లోతులో వంగి మొహం ముంచాడు. ఎంతకీ తల ఎత్తడే! నేను లేచి నిలబడ్డాను.

చివరికి ఎత్తాడు. "ఆ చేప తోక పసుపు! అంత అందంగా ఉంటుందని నాకేం తెలుసండీ!" అన్నాడు. "ఎవరికీ కనబడకుండా రోజంతా లిఫ్టు గుంతలో గడిపేవాణ్ణి. మీరు చెయ్యి పట్టుకుంటే, చేపలు కనబడకపోయినా చాలనిపించింది. తప్పే. ఇకమీదట కనబడనిదానికి ఊ అనను. నీళ్ళలోనూ, బయటా నీకు జోడుగా ఉంటాను. ఉండనిస్తావా?"

అతను దాన్ని నువ్వు అనడం అదే మొదలు.

అది వెళ్ళి రాయిమీద కూర్చుంది. అలలు వచ్చి పోతున్నాయి. అతను నీళ్ళు కారుతూ అలాగే నిలబడ్డాడు. కాదంటుందేమోనని భయపడ్డాను. ఔనంటుందేమోనని కూడా భయపడ్డాను, ఇంటికెళ్ళి నేనెవరు మెట్లెక్కే చప్పుడు వినాలి? అయినా మనసులో మాత్రం, ఔనను తల్లీ, ఔనను, అనుకుంటూనే ఉన్నాను.

ఎండ ఆ రాయి ఈ చివర్నుంచి ఆ చివరకు జరిగాక అది లేచింది.

"మాస్కులో ఉమ్మి రాశావా?" అంది.

"ఛీ! ఉమ్మెందుకు?"

"రాసి కడక్కపోతే అద్దానికి ఆవిరి పట్టేస్తుంది. నాకు మళ్ళీ ఊ అనేవాడే దొరుకుతాడు." అతని చేతిలోంచి మాస్క్ లాక్కుని, తనే తుపుక్కున ఉమ్మి, వేలితో అద్దమంతా రాసి కడిగింది. "ఇదిగో, పెట్టుకో. పద."