వారం అద్దె మనిషి

మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఆమె ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"నమస్తే అండీ. కింద రెండో అంతస్తులో ఉంటాం. వీధి కమిటీ సెక్రటరీని నేనే. మీరు ఈ ఇంట్లోకి మూడు నెలలకి దిగారని వాచ్‌మన్ చెప్పాడు. చాలా సంతోషం! ఈ బిల్డింగులో మనుషుల్ని చూసి ఎన్నాళ్ళయిందో. ఇళ్ళన్నీ హోటల్ గదులైపోయాయి. నాలుగు రోజులుంటారు, పెట్టె ఈడ్చుకుంటూ పోతారు. లిఫ్టులో నవ్వితే తిరిగి నవ్వాలన్న ఇంగితం కూడా ఉండదు. ఆరు నెలలకి తక్కువైతే ఇళ్ళు అద్దెకివ్వకూడదని రూల్ తెమ్మని మునిసిపాలిటీకి అర్జీ పెడుతున్నాం. ఇదిగో, ఇక్కడ సంతకం."

పెన్ను మూత కూడా తనే తీసి చేతికిచ్చింది.

గుమ్మంలో నిలబడ్డ అతను అర్జీని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి. చెంప మీద పెన్సిలు గీత ఒకటి ఉంది, దాని సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

"మూడు నెలలుండే మాట నిజమేనండీ," అన్నాడు. "అద్దె మాత్రం వారం వారం. అంటే, పెట్టె ఈడ్చుకుంటూ పోయేవాణ్ణి నేనే."

ఆమె అర్జీ వైపోసారి, అతని వైపోసారి చూసింది.

"లిఫ్టులో మాత్రం నవ్వుతానండీ."

"పెన్నివ్వండి," అంది ఆమె. పుచ్చుకుని గబగబా మెట్లు దిగింది. వెనక నుంచి గొంతు వినిపించింది: "అర్జీ మర్చిపోయారు, సెక్రటరీ గారూ!"

వెనక్కి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున తలుపు కింద ఆ కాగితాలున్నాయి. అన్నిటికన్నా కింద కొత్త సంతకం ఒకటి. చిరునామా దగ్గర, "ప్రస్తుతానికి మూడో అంతస్తు" అని రాసి ఉంది.

ఆమె ఆ మాటను రెండుసార్లు చదివింది. నవ్వు వచ్చింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఆ మూడో అంతస్తు ఇంట్లో పదేళ్ళు ఉన్నది అక్క. సొంత అక్క కాదు, కానీ ఆమెకి జడ వేసిందీ, సైకిల్ నేర్పిందీ అక్కే. రోజుల లెక్కన ఇస్తే ఎక్కువొస్తుందని ఇంటి ఓనరు ఒక్క నెల గడువిచ్చి ఖాళీ చేయించాడు. అక్క, బావ, ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఊరికి ఆ చివర, బస్సు ఆఖరి స్టాపు దాటి ఉంటున్నారు. ఆ రోజు నుంచే ఆమె వీధి కమిటీలో ఒంటికాలి మీద లేవడం మొదలుపెట్టింది.

వీధి చివర ఖాళీ స్థలంలో పార్కు వస్తోందని, ప్లాను చూసి అభిప్రాయాలు చెప్పమని మునిసిపల్ ఆఫీసులో మీటింగు పెట్టారు. కళ్ళద్దాల షాపులో తన పని త్వరగా ముగించుకుని ఆమె వెళ్ళింది. ప్లానులో సగం పార్కింగు. చూడగానే ఒళ్ళు మండింది.

"ఇది పార్కా, కార్ల షెడ్డా? దీన్ని గీసిన మహానుభావుడెవరు?"

ముందు వరసలోంచి మహానుభావుడు లేచి నిలబడ్డాడు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"పార్కింగు ఆఫీసువాళ్ళు పెట్టమన్నారండీ. వద్దని మీరు రాసిస్తే నాకూ తీసెయ్యాలనే ఉంది."

"ఎన్ని పేజీలు రాయమంటారు?"

"మీ ఇష్టం. చదివే ఓపిక నాకుంది."

ఆమె ఆరు పేజీలు రాసింది. పార్కింగు పోయింది. కానీ ఆ ఆరు పేజీల్లో ప్రతి వాక్యానికీ అతనికో సందేహం వచ్చింది. పిల్లలు బడి నుంచి ఏ దారిన వస్తారు? పెద్దవాళ్ళు ఎక్కడ ఆగి ఆయాసం తీర్చుకుంటారు? రోజూ సాయంత్రం షాపు మూసే వేళకి సుద్దముక్కతో, కొలతల టేపుతో బయట నిలబడి ఉండేవాడు. ఇద్దరూ వీధంతా నడిచేవాళ్ళు. పావుగంటకోసారి నీడ ఎక్కడిదాకా వచ్చిందో అతను సుద్దతో గీత గీస్తుంటే, టైము రాయడం ఆమె పని.

"ఇన్ని ఊళ్ళకి పార్కులు గీశారు కదా, వాటిలో ఎప్పుడైనా కూర్చున్నారా?" అని ఒకరోజు అడిగింది.

"లేదండీ. మొక్కలు నాటేసరికి ఇంకో ఊళ్ళో ఉంటాను."

మామూలుగానే చెప్పాడు. ఆమెకే ఎందుకో చివుక్కుమంది.

ఒక ఆదివారం అతను వీధి వీధంతటికీ కబురు పెట్టాడు. అందరూ తమ ఇంట్లోంచి కుర్చీలు తెచ్చుకుని ఆ ఖాళీ స్థలంలో ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ వేసుకోవాలి. ఆ చోట్లను గుర్తుపెట్టుకుని బెంచీలు వేయిస్తానన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు, మడత కుర్చీలు, ఒకావిడ పీట కూడా పట్టుకొచ్చింది. ఆమె నాన్న గోడ నీడన కుర్చీ వేసుకుని, పక్కాయనతో కబుర్లు మొదలుపెట్టేశాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎక్కడ కూర్చున్నా నలుగురు పోగవ్వాల్సిందే.

సగం కొలతలైనా కాకముందే వాన దంచేసింది. కుర్చీలు వదిలేసి జనం పరుగో పరుగు. చివరికి ఆ వానలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతూ ఇద్దరే మిగిలారు.

"సుద్ద గీతలన్నీ పోయాయి," అంది ఆమె, నెత్తి మీద కుర్చీ పెట్టుకుని.

"గుర్తున్నాయిలెండి." అతని అద్దాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "సెక్రటరీ గారూ, ఒకటి అడగనా? నేనుండే ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన పెన్సిలు గీతలున్నాయి. పక్కన తేదీలు. గోడలన్నిటికీ రంగు వేశారు కానీ ఆ చోటు వదిలేశారు. ఎవరివి?"

"అక్క పిల్లలవి. ప్రతి పుట్టినరోజుకీ ఎత్తు కొలిచేది."

అతను చేతిలోని కుర్చీని పేర్చినవాటి మీద పెట్టాడు. "కాఫీ పెట్టుకుంటుంటే రోజూ కనబడతాయి," అన్నాడు. "ఎవరి ఇంట్లోనో దొంగతనంగా ఉన్నట్టుంటుందండీ."

తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకుందో, వాటిలో ఒక్కటీ పనికిరాకుండా పోయింది ఆమెకి.

ఆ వానలో తడిసి, అతని కళ్ళద్దాల కాడ ఒకటి ఊడింది. షాపుకి వచ్చాడు. కొత్తవి చెయ్యాలంటే కళ్ళు పరీక్ష చెయ్యాలి. చీకటి గదిలో కూర్చోబెట్టి, చిన్న లైటు పట్టుకుని ఆమె దగ్గరగా వంగింది.

"నా చెవి వైపు చూడండి."

"చెవి వైపేనా?"

"చెవి వైపే. కదలకండి."

"ఇవాళ జుంకాలు కొత్తవా?"

"మాట్లాడితే కన్ను కదులుతుంది."

రోజుకి పాతిక మంది కళ్ళలోకి చూసే మనిషి ఆమె. అయినా చూడాల్సింది చూసి, రాసుకోవడం మర్చిపోయి, మళ్ళీ చూడాల్సి వచ్చింది.

"దూరానివి బాగానే కనబడుతున్నాయి మీకు. దగ్గరవే సరిగ్గా కనబడట్లేదు."

"తెలుసండీ," అన్నాడతను చీకట్లో. "ఈమధ్యే కొంచెం కొంచెం కనబడుతున్నాయి."

ఆమె లేచి లైటు వేసేసింది.

అర్జీ మీద విచారణ రోజు వచ్చేసింది. ముందురోజు సాయంత్రం మెట్ల మీద ఎదురుపడ్డాడు.

"రేపు బాగా మాట్లాడండి."

"బాగా మాట్లాడితే..." ఆమె ఆగిపోయింది. బాగా మాట్లాడితే రూల్ వస్తుంది. రూల్ వస్తే అక్క వస్తుంది. అక్క వస్తే ఇతను పోతాడు.

"మాట్లాడండి," అన్నాడు మళ్ళీ మెల్లగా, ఆ ఆగిపోయిన మాటంతా విన్నవాడిలా.

హాలు కిక్కిరిసింది. ఓనర్లు తమ వాదన వినిపించారు, వాళ్ళ కష్టాలు వాళ్ళకీ ఉన్నాయి. తర్వాత ఆమె లేచింది. ఖాళీ అయిన ఇళ్ళ గురించి, ఆపదొస్తే తలుపు కొట్టడానికి పక్కింట్లో తెలిసిన మొహం లేకపోవడం గురించి చెప్పింది. అక్క గురించి చెప్పబోతుంటే వెనక వరసలో అతను కనబడ్డాడు. అంతే, మాట అక్కడే తెగిపోయింది. చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పింది.

అప్పుడు అతను లేచాడు.

"ఆవిడ చెప్పబోయే ఇంట్లో ప్రస్తుతం ఉంటున్నది నేనేనండీ. వారం అద్దెకి. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల ఎత్తులు గోడ మీదున్నాయి. పెద్దదాని గీత నా మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. దానికి పైన ఇంకా గోడ ఉంది. నాకెక్కడైనా గది దొరుకుతుంది. ఆ ఇంట్లో మాత్రం వాళ్ళే ఉండాలి."

కౌన్సిలర్ల ఓటింగులో రెండు ఓట్ల తేడాతో రూల్ గెలిచింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆమె కూడా కొట్టింది, చేతులు మంటపుట్టేదాకా.

నెలాఖరుకి అతను ఇల్లు ఖాళీ చేశాడు. మెట్ల దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"మొక్కలు ఇరవై రెండు నాటించాను. నీళ్ళు..."

"పోస్తాను."

"వెళ్ళొస్తానండీ."

ఉండండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అనే హక్కు తనకెక్కడిది? ఇలాంటివాళ్ళు ఉండకూడదని ఊరంతా తిరిగి సంతకాలు పోగు చేసింది తనేగా. తలూపింది. అతను వెళ్ళిపోయాడు.

ఓనరు ఇల్లు మళ్ళీ అక్కకే ఇచ్చాడు, రెండు వారాలకి అక్క దిగింది. పిల్లలు మెట్ల మీద గెంతుతుంటే బిల్డింగుకి ప్రాణం లేచొచ్చింది. ఆమె అక్కని కావలించుకుని ఏడ్చింది. అక్క కాసేపు వీపు నిమిరి, మొహం ఎత్తి చూసింది.

"ఏంటే ఇది? నేనొచ్చినందుకేనా ఇంత ఏడుపు?"

"నీకోసమే."

"నా వాటా చాలాసేపటి క్రితమే అయిపోయిందిలే. మిగతాది ఎవరికి?"

ఆమె కళ్ళు తుడుచుకుని అక్క పెట్టె అందుకుంది.

అతను ఫోన్ చేసేవాడు. మొక్కల గురించే.

"పదకొండోది ఎలా ఉంది?"

"కొత్తాకు వేసిందండీ."

"పద్నాలుగు?"

"కొంచెం వాడింది. పొద్దునా సాయంత్రం పోస్తున్నా."

"మీరో?"

"నేనూ బాగానే ఉన్నా."

ఒక్కో మొక్కకీ అయిదు నిమిషాలు. ఇరవై రెండూ అయిపోయాక మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చేవాళ్ళు. ఫోన్ పెట్టేశాక ఇల్లంతా ఒక్కసారిగా బోసిపోయేది. కొత్త పార్కులో సాయంత్రాలు జనం నిండిపోతున్నా, ఆమె కళ్ళు మాత్రం గేటు వైపే ఉండేవి. అద్దాలు ముక్కు మీదికి జారిన మనిషి ఎవరు కనబడినా గుండె ఝల్లుమనేది. దగ్గరికొస్తే ఇంకెవరో.

నాలుగో నెలలో ఒకరోజు అతను మొక్కల సంగతి అడగలేదు.

"రెండేళ్ళ పని వచ్చిందండీ. చాలా దూరం. సముద్రం దాటి వెళ్ళాలి. ఎల్లుండిలోగా ఏ సంగతీ చెప్పాలి."

"మంచిదేగా."

"మంచిదేనంటారా?"

"మంచిదే."

ఫోన్ పెట్టేసి గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. వంటింటి గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు.

"ఆ గిన్నె అరిగిపోతుందమ్మా."

ఆమె చెయ్యి ఆగింది.

"ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను," అన్నాడు నాన్న, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "స్టాపులో బుద్ధిగా నిలబడతారు కొందరు. చెయ్యి ఎత్తరు. మనమే చూసి ఆపుతాం అనుకుంటారు. బస్సు వెళ్ళిపోయాక మాత్రం ఏడుపుమొహం పెడతారు. అద్దంలో కనబడుతుంటుంది. ఎంతమందిని చూశాననుకున్నావ్?"

"నాన్నా..."

"మొక్కల గురించి రోజుకి రెండు గంటలు ఏ తోటమాలీ మాట్లాడడు. నాకు ఆ అబ్బాయి నచ్చాడు. చెయ్యెత్తు తల్లీ."

మర్నాడు తెల్లవారగానే బయల్దేరింది. అతని కొత్త పని ఉన్న ఊరికి అయిదు గంటల ప్రయాణం. ఆ ఊళ్ళో కాలవ గట్టున ఒక ఖాళీ స్థలంలో టేపు పట్టుకుని అతను ఒంటరిగా వంగి ఉన్నాడు. అడుగుల చప్పుడుకి తలెత్తాడు. టేపు చేతిలోంచి జారి సర్రున చుట్టుకుపోయింది.

"మీరా! ఏమైంది? మొక్కలకేమైనా..."

"మొక్కలన్నీ బాగున్నాయి," అంది ఆమె. దారంతా అల్లుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నేనే బాగాలేను. నువ్వు వెళ్ళొద్దు."

అతను కదల్లేదు. "ఏమన్నారు?"

"వెళ్ళొద్దన్నాను."

"అది కాదు. దాని ముందు మాట."

ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వు అన్నాను."

"మళ్ళీ అనండి."

"నువ్వు. నువ్వు. నువ్వు. చాలా?"

"చాలదు," అన్నాడు. "రానని వాళ్ళకి నిన్న సాయంత్రమే చెప్పేశాను."

"మరి నాకు చెప్పాలా వద్దా! రాత్రంతా నేనెలా ఉన్నాననుకున్నావ్?"

"మంచిదేనని రెండుసార్లు అన్నావుగా. మూడోసారి వినే ధైర్యం లేకపోయింది. ఎన్నో ఊళ్ళు వదిలొచ్చాను. ఏ ఊరినీ వెనక్కి తిరిగి చూళ్ళేదు. మీ వీధి వదిలిన రోజు మాత్రం, బస్సు కదిలాక మెడ తిప్పుతూనే ఉన్నాను."

ఆమె ఏడుస్తూ నవ్వింది. అతను దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. చేతినిండా మట్టే. ఆమె వదిలించుకోలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. నాన్న.

"చేరావా? ఆ అబ్బాయికి ఒకసారి ఫోనివ్వు."

అతను అద్దాలు సర్దుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే నిటారుగా నిలబడ్డాడు. "నమస్తే అండీ."

"బాబూ, ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలి."

"తప్పకుండా అండీ. ఏ ఆదివారం?"

"ఏ ఆదివారమేంటయ్యా? అన్నీ."

కళ్ళు చెమర్చి, అతను కాలవ వైపు తిరిగిపోయాడు. ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వస్తాడు నాన్నా," అంది.