మూలపెట్టెలో గిల్లేది ఎవరు?

ఆ వార్డులో మూలపెట్టెకి చెడ్డపేరు. నెలలు నిండని బిడ్డల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు మొత్తం తొమ్మిది. ఎనిమిదింటితో ఏ గొడవా లేదు. మూలనున్న ఆ తొమ్మిదోదాంట్లో మాత్రం ఎవర్ని పడుకోబెట్టినా సరే, తెల్లారేసరికి బుగ్గ మీద గిల్లినట్టు ఎర్రటి మచ్చ... ఏదో వచ్చి గిల్లిపోతోందని ఆయా చెప్పేది. నేను చూడలేదు, విన్నది చెబుతున్నా.

రాత్రి డ్యూటీ పెద్ద సిస్టర్ ఆ మాట కొట్టిపారేయలేదు. పాతికేళ్ళ సర్వీసు, మోకాలి నొప్పితో కుడికాలు ఈడుస్తూ నడిచే మనిషి. "ఏమోనమ్మా, గాలో ధూళో" అని తనూ ఓ మాట కలిపేది.

ఆ వేళ ఇంకా తెల్లవారలేదు. మూలపెట్టె బిడ్డ తల్లి సంచి సర్దుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"బిడ్డని ఇచ్చెయ్యండి సిస్టర్. ఇంటికి పోతాం."

కిలో పావు బిడ్డ. ఆ పెట్టె దాటితే బతకదు... సిస్టర్ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఏమైందమ్మా?"

"దెయ్యాన్ని చూశాను," గుసగుసగా అంది తల్లి. "ఇందాక నిద్రపట్టక తలుపు అద్దంలోంచి చూస్తున్నా, లోపల మసక వెలుతురు. ఒళ్ళంతా తెలుపే... రెండు కళ్ళు తప్ప ముఖమే లేదు. గోడ గడియారం చూసుకుంటూ వచ్చింది. నా బిడ్డ బుగ్గకి గొట్టం అంటించిన పట్టీ ఉందే, అది పట్టుకుని — ఒక్క లాగు లాగింది. బిడ్డ నోరు తెరిచింది. ఏడుపు నాకు వినపడలేదు."

"తర్వాత?"

"కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది."

సిస్టర్ చెయ్యి తన ముఖానికున్న తెల్ల మాస్కు మీదకి పోయింది.

పట్టీలు మార్చేటప్పుడు మూలపెట్టె ఆవిడకి ఆఖరిది. అప్పటికి డ్యూటీ దిగే వేళ. మిగతా ఎనిమిది మందికీ తడి దూదితో పట్టీ నానబెట్టి, చర్మాన్ని వేలితో అదిమిపట్టి, కొంచెం కొంచెంగా ఊడదీసేది. తొమ్మిదో బిడ్డకి మాత్రం టైముండేది కాదు. ఉల్లిపొరలాంటి చర్మం పట్టీతో పాటే లేచొచ్చేది. ఆ మచ్చ చూసి ఆయా దెయ్యమంటే, తను హమ్మయ్య అనుకుని ఊరుకుంది... ఎన్నేళ్ళు! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

దెయ్యముందంటే బిడ్డ పోతుంది. లేదని నిజం చెబితే పాతికేళ్ళ పరువు పోతుంది.

మాస్కు కిందికి లాగింది.

"దానికి ముఖం ఉందమ్మా," అంది. "ఇదే."

తల్లి ఆ ముఖంలోకి చూసింది. తిడితే బాగుండునని సిస్టర్‌కి అనిపించింది. తిట్టలేదు. సంచి కింద పెట్టింది.

"అయితే రేపు," అంది మెల్లగా, "నా బిడ్డ దగ్గరికే ముందు రండి."