పది మాటల పరీక్ష

శనివారం పొద్దున తొమ్మిది కూడా కాలేదు. అప్పటికే అమ్మాయి మూడోసారి అడిగింది.

"అమ్మా, రేపు మా టీమ్ బస్సు ఎన్నింటికన్నాను?"

"నువ్వే అని, మళ్ళీ నన్నడుగుతావేంటే? పదకొండింటికి. ఇంకోసారి అడిగావంటే నీ నుదుటి మీద రాసేస్తాను," అంది తల్లి, పెనం మీద గుడ్డు తిరగేస్తూ.

అమ్మాయి నవ్వలేదు. వంటగదిలోంచి ముందు గదిలోకి, అక్కడినుంచి మళ్ళీ వంటగదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కిటికీ తెర ఎవరు తీసినా వెళ్ళి మూసేస్తోంది. కుళాయి చప్పుడుకి కూడా చిరాకు పడుతోంది.

ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండరు. అవతలివాళ్ళని గోల్ దాకా రానివ్వకపోవడమే ఆమె ఉద్యోగం. తొంభై నిమిషాలు ఆపితే ఎవరికీ గుర్తుండదు, ఒక్కసారి వదిలితే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. అలాంటి పాడు ఉద్యోగం. జట్టులో ఆమెను 'గోడ' అంటారు. ఆ పేరు ఇంట్లోకీ వచ్చేసింది.

ఎనిమిది నెలలు గోడ బెంచీ మీదే కూర్చుంది. పోయిన వారం కెప్టెన్ మోకాలు దెబ్బతినడంతో బుధవారం మ్యాచ్‌లో ఈమెకి చోటు దొరికింది. కార్నర్ కిక్‌కి పైకెగిరినప్పుడు అవతలి జట్టు అమ్మాయి తలా ఈమె తలా ఢీకొన్నాయి. కాసేపు కూర్చుని, లేచి, చివరిదాకా ఆడింది. రేపటి మ్యాచ్ చూడడానికి పెద్ద క్లబ్బువాళ్ళు వస్తున్నారు, అదీ ఈమెనే చూడడానికి. ఈ సీజన్‌తో ఇక్కడి కాంట్రాక్టు అయిపోతుంది. రేపు కాకపోతే మరెప్పుడూ కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఊరికే తిరిగే బదులు ఎదురు షాపుకెళ్ళి నాలుగు వస్తువులు పట్రా. పాలు, సబ్బు, ఉల్లిపాయలు, అగ్గిపెట్టె."

అమ్మాయి వెళ్ళింది. రోడ్డు దాటితే షాపు. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చింది. చేతిలో సంచీ ఖాళీగా ఉంది.

"షాపు కట్టడానికి వెళ్ళావా, కొనడానికి వెళ్ళావా?" అని మొదలుపెట్టిన తల్లి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

"ఏం తెమ్మన్నావో గుర్తురాలేదమ్మా. లోపల నిలబడి చూస్తూ ఉండిపోయాను."

ముందు గదిలో తండ్రి బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, మధ్యాహ్నం డ్యూటీ. బ్రష్షు కింద పెట్టి లోపలికి వచ్చాడు.

"బుధవారం దెబ్బ గట్టిగానే తగిలిందా?"

"లేదు నాన్నా. గురువారం మా క్లబ్బు డాక్టరమ్మ పరీక్ష చేసింది. పాసయ్యాను."

"ఏం పరీక్ష?"

"పది మాటలు చెప్తారు. కాసేపాగి మనం తిరిగి చెప్పాలి. ఒంటికాలి మీద నిలబడాలి, అంకెలు వెనక్కి చెప్పాలి. అంతే."

"నాలుగు వస్తువులు గుర్తులేనిదానివి పది మాటలు ఎలా చెప్పావే?" అంది తల్లి.

"పదీ అక్కర్లేదు. నాకు ఐదు చాలు."

"నీకొక్కదానికే ఐదేంటి?"

నోరు జారిందని అమ్మాయికి అప్పుడు తెలిసింది. తండ్రి కదలకుండా నిలబడేసరికి చెప్పక తప్పలేదు. సీజన్ మొదట్లో అందరికీ ఇదే పరీక్ష పెడతారు. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ పెట్టి, మొదటిదాంతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆడనివ్వరు. అందుకే సీనియర్లు కొత్తవాళ్ళ చెవిన వేస్తారు, మొదటిసారే కావాలని తక్కువ చెప్పమని. ఈమె అలాగే ఐదు చెప్పింది. గురువారం కూడా ఐదు చెప్పింది. డాక్టరమ్మ తేడా లేదంది.

"ఫోన్ తియ్యి," అన్నాడు తండ్రి. "రేపు ఆడనని చెప్పు."

"చెప్పను."

"మళ్ళీ అక్కడే తగిలితే ఏమవుతుందో తెలుసా?"

"ఏమీ కాదు. ఎనిమిది నెలలు చెక్కబెంచీ మీద కూర్చున్నాను నాన్నా! ఒక్క ఆదివారం. తర్వాత నెలంతా పడుకోమన్నా పడుకుంటాను."

"నా మాట వినవా?"

"నువ్వు నాకు చెప్పకు." అమ్మాయి గొంతు పెరిగింది. తన గొంతే తన తలలో మోగినట్టు కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. "ముందు నీ ఎడమ కన్ను సంగతి అమ్మకి చెప్పు."

పెనం మీద రెండోసారి వేసిన గుడ్డు మాడుతోంది. తల్లి స్టవ్ కట్టేసింది.

"ఏం కన్ను?"

అమ్మాయే మాట్లాడింది, ఆపడం తెలియనట్టు. "డిపోలో కంటి పరీక్షకి ముందు ఆ అక్షరాల బోర్డు ఫోటో తెచ్చాడమ్మా. వారం రోజులు కూర్చుని బట్టీ పట్టించింది నేనే. చివరి వరుస తప్పు చెప్తే మళ్ళీ మొదటినుంచి చెప్పించేదాన్ని. పాసయి వచ్చాక, బాగా నేర్పావే అని నా వీపు తట్టాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తప్పని ఎవరన్నారు నాతో?"

మూడేళ్ళుగా ఆయన ఎడమవైపు చూడాలంటే మెడంతా తిప్పుతున్నాడు. మెడ పట్టేసిందంటే పాపం ఈ ఇల్లాలు రోజూ నూనె రాసింది. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూలబడింది.

"నేనూ ఎక్కుతాను కదయ్యా ఆ బస్సు!" అంది. "నలభైమందితో పాటు నన్నూ ఎక్కించుకుని... నాకొక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"ఏమీ కాలేదుగా. ఒక్క గీత కూడా పడలేదు బండికి," అన్నాడాయన మెల్లగా.

"నేనూ అదే అంటున్నాను," అంది అమ్మాయి. "నాకూ ఏమీ కాదు."

ఆ మాటకి ఆయన కూతురి వైపు చూశాడు. మెడంతా తిప్పి చూశాడు. తెర మూసిన గదిలో కూడా ఆ పిల్ల కళ్ళు చికిలించుకునే ఉంది. రెండు చేతులూ గుమ్మానికి ఆనించి నిలబడింది. గుమ్మం వదిలితే తూలుతుందేమోనని అప్పుడు తోచింది ఆయనకి. భయం వేసింది. మూడేళ్ళలో స్టీరింగ్ ముందు ఒక్కనాడూ వెయ్యనంత భయం వేసింది.

ఫోన్ తీశాడు. తనది.

"సూపర్‌వైజర్ గారూ, ఇవాళ బండి తియ్యను సార్. జ్వరం కాదు. నా ఎడమ కన్ను సరిగా కనపడదు. మూడేళ్ళయింది... పరీక్షలో బోర్డు బట్టీ పట్టి చెప్పాను సార్... లేదండీ, తాగలేదు. పొద్దున పదింటికి ఎందుకు తాగుతాను? సోమవారం వచ్చి రాసిస్తాను."

ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్ళు బస్సు తప్ప మరో పని ఎరగని మనిషి.

"ఎందుకు చేశావు నాన్నా?" అమ్మాయి మొహం పాలిపోయింది. "ఉద్యోగం తీసేస్తారు."

"తీసేస్తే తీసేస్తారు. నిన్ను ఆపడానికి నా దగ్గర మాట లేకుండా పోయిందమ్మా. నేను దొంగనై ఉండి నిన్నేమని ఆపను?" అన్నాడాయన. "నీకు నేర్పింది నేనే. బోర్డు తెచ్చి నీ చేతిలో పెట్టిన రోజే నేర్పాను."

నువ్వూ ఫోన్ చెయ్యి అని ఆయన అనలేదు. తల్లీ అనలేదు. ఆమె లేచి కూతురి పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుంది, అంతే.

అమ్మాయి ఒకసారి ఫోన్ తీసి జేబులో పెట్టేసింది. మళ్ళీ తీసింది. నంబరు నొక్కాక, అవతల పలికేదాకా పెదవి కొరుక్కుంటూనే ఉంది.

"డాక్టర్ గారూ, నేను... గోడని. రేపు నన్ను ఆడించకండి." ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. "సీజన్ మొదట్లో నాకు పది మాటలూ గుర్తున్నాయండీ. కావాలనే ఐదు చెప్పాను. మొన్న గురువారం మాత్రం... నిజంగానే ఐదే గుర్తొచ్చాయి."

అవతలినుంచి డాక్టరమ్మ కంగారుగా ఏదో అడుగుతోంది. అమ్మాయి వినలేకపోయింది. తండ్రి ఆ ఫోన్ తీసుకుని, "నేను వాళ్ళ నాన్నని. ఎక్కడికి తీసుకురావాలో చెప్పండి, ఇప్పుడే బయల్దేరతాం," అన్నాడు.

"ఆటోలో వెళ్దాం," అంది తల్లి చెంపలు తుడుచుకుంటూ. "నువ్వు నడిపేది మాత్రం నేనెక్కను."