మూడింటి బస్సుకు ముందు

అఖిల్ గదిలోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు.

కారంపూడి హైస్కూల్లో ఆ రోజు ఓపెన్ ఇంటర్ మొదటి పరీక్ష. ఎప్పుడో చదువు మానేసి, పెళ్ళిళ్ళు చేసుకుని, కొట్లు పెట్టుకుని, మళ్ళీ ఇంటర్ గట్టెక్కుదామని వచ్చిన పెద్దవాళ్ళ గది అది. వచ్చినవాడిదేమో పొట్టి క్రాఫు, మడత నలగని చొక్కా, మొహం కనపడేంత నిగనిగలాడే బూట్లు. ఇంకేముంది, స్క్వాడ్ వచ్చిందనుకున్నారు.

కిటికీ పక్కన కూర్చున్న వీరరాఘవమ్మ అంగన్‌వాడీలో ఆయా, యాభై దాటిన మనిషి. కొంగుచాటు నుంచి చీటీల కట్ట తీసి, కళ్ళు మూసుకుని, కిటికీలోంచి విసిరేసింది. అది పోయి మురిక్కాలవలో పడింది.

అఖిల్ తిన్నగా వచ్చి ఆమె వెనక బెంచీలో కూర్చున్నాడు. జేబులోంచి హాల్ టికెట్ తీసి ముందు పెట్టుకున్నాడు.

"నువ్వు స్క్వాడ్ కాదా?" అంది పక్క బెంచీ అమ్మాయి.

"కాదండీ. నాదీ పరీక్షే."

"మరి ఆ బూట్లేంది?"

"ఆర్మీలో ఉంటానండీ. రెణ్ణెల్ల సెలవులో వచ్చాను. ఇంటర్ ఉంటే ప్రమోషన్‌కి బాగుంటుందనీ..."

"సెలవులో వచ్చినోడివి చెప్పులేసుకుని రాలేవా? నీ మూలాన మా పిన్నమ్మ చీటీలన్నీ కాలవ పాలైనయ్. తెల్లార్లూ కూర్చుని రాసుకుంది పాపం!"

"తెల్లార్లూ రాసుంటే ఈపాటికి నోటికి వచ్చేసి ఉంటయ్ కదండీ."

ఇంతలో ప్రశ్నపత్రాలు వచ్చాయి. మూడు గంటల తర్వాత వీరరాఘవమ్మ బయటికొచ్చి, "నిజంగానే వచ్చేసినయ్యే జ్యోతీ!" అని నోరు తెరిచింది.

జ్యోతిర్మయి మాత్రం అతన్ని అంత తేలిగ్గా వదల్లేదు. ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది కాబట్టి, తప్పు చేసినవాడికి ఏ డోసు ఇవ్వాలో ఆమెకు తెలుసు. "మిగతా పరీక్షలకి నువ్వే వచ్చి పిన్నమ్మకి చదివి చెప్పాల" అని తీర్పిచ్చింది.

అలా సాయంత్రాలు వీరరాఘవమ్మ అరుగు మీద చదువు మొదలైంది. పరీక్షలు అయిపోయాక కూడా ఆగలేదు. పోయిన పరీక్షల ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ చర్చించుకున్నారు. వీరరాఘవమ్మ అన్నీ తెలిసినదానిలా గోడకానుకుని కునికిపాట్లు పడేది. ఆ లోపల ఆమె వీళ్ళిద్దరి ఇళ్ళకీ వరస కలుస్తుందో లేదో ఆరా తీసి, కలుస్తుందని తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా కూర్చుంది.

జ్యోతిర్మయి ఇంటినుంచి గిన్నెలో పులిహోర తెచ్చేది. అందులో చింతపండు ఒక మూల, ఉప్పు ఇంకో మూల ఉండేవి. రెండూ ఏనాడూ కలుసుకున్నట్టు లేదు. అఖిల్ గిన్నె అడుగు కనపడేదాకా తినేవాడు.

"ఎట్టుంది?"

"చానా బాగుంది."

"ఇంకాస్త వేసుకో అయితే."

వేసుకునేవాడు.

కష్టమంతా ఆమె నాన్నతోనే వచ్చింది. త్రికోటేశ్వరరావు మిర్చి రైతు. పాతకాలపు యుద్ధవీరుల కత్తులకి పూజ చేసే వీరుల తిరునాళ్ళంటే ప్రాణం. కుర్రాడు జవాను అని తెలియగానే ఇంటి ముందు ఆపేశాడు.

"బోర్డర్లోనేనా?"

"ఆ దగ్గర్లోనే సార్."

"సార్ ఏందిరా, ఊళ్ళో పిల్లోడివి. బాబాయ్ అను."

అఖిల్ ఇరుకున పడ్డాడు. ఈయన్ని బాబాయ్ అంటే ఆ అమ్మాయి చెల్లెలైపోతుంది. మామయ్య అనడానికి ధైర్యం చాలదు. "అట్టాగే సార్" అన్నాడు.

మే నెల వచ్చింది. ఫలితాలు వచ్చాయి, ముగ్గురూ పాసయ్యారు. ఆ సంతోషం తీరకముందే సరిహద్దులో యుద్ధం మొదలైంది. త్రికోటేశ్వరరావు టీవీని వరండాలోకి తెచ్చి పెట్టాడు. నేలమీద ఎండు మిరపకాయలు పరిచి బజారు జనానికి యుద్ధం బోధించసాగాడు. "ఇయ్యి మన ట్యాంకులు. ఇదిగో, ఈ లావుపాటి కాయ మన అఖిల్. మొట్టమొదట పొయ్యేది వీడే."

"అది కాదు సార్, అసలు నేనక్కడ చేసే పనేందంటే..."

"చెప్పమాక!" త్రికోటేశ్వరరావు రెండు చేతులూ ఎత్తాడు. "మిలిటరీ రహస్యాలు బయటపెట్టకూడదు. గోడలకి చెవులుంటయ్."

నాలుగైదుసార్లు ప్రయత్నించాడు పాపం. ప్రతిసారీ దేశభక్తి అడ్డం వచ్చింది. అటు జ్యోతిర్మయి ఆ లావుపాటి కాయని చూసి, తర్వాత అతన్ని చూసి, లోపలికి వెళ్ళిపోయేది. ఆ చూపు తర్వాత ఆమెకి కూడా చెప్పలేకపోయేవాడు.

ఎందుకంటే అఖిల్ సైన్యంలో వంటవాడు.

ఈ సంగతీ, దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటీ, మార్కుల మెమోలు ఇచ్చే రోజున జ్యోతిర్మయికి ఎలాగైనా చెప్పేయాలనుకున్నాడు. ఆ రోజు తెల్లవారగానే యూనిట్ నుంచి ఫోన్ వచ్చింది. సెలవులు రద్దు. వెంటనే బయలుదేరాలి. గుంటూరు బస్సు మూడింటికి.

స్టడీ సెంటర్ చూసుకునే బెంజిమిన్ మాస్టారు సభ ఘనంగా ఏర్పాటు చేశారు. మెమోలు ఇచ్చాక మధ్యాహ్నం చాపకూడు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినే ఆ కూడు కారంపూడిలో ఏటా వీరుల తిరునాళ్ళలో పెడతారు. "మన బ్యాచిలో అందరూ ఉన్నారు. విడివిడిగా టేబుళ్ళెందుకు, అట్టాగే కూర్చుందాం" అన్నారాయన.

అఖిల్ వెళ్ళిపోతున్నాడన్న మాట అతనికంటే ముందే స్కూలుకి చేరింది. గేట్లోనే ఒక శాలువా పడింది. మెట్ల మీద ఇంకో రెండు. మే నెల ఎండలో మూడు శాలువాలు కప్పుకుని, చెమటలు కక్కుతూ, జ్యోతిర్మయి ఎక్కడుందా అని చూస్తున్నాడు. ఆమె వైపు నాలుగడుగులు వేస్తే ఒక సెల్ఫీ. ఇంకో నాలుగు వేస్తే ఒక నిమ్మకాయల దండ. ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకుని, శత్రువుని ఎడమవైపు నుంచి ఎలా చుట్టుముట్టాలో చాలాసేపు వివరించాడు.

చివరికి బోరింగు దగ్గర ఆమె ఒక్కతే దొరికింది.

"మూడింటికేనా?" అంది.

"ఆఁ. జ్యోతీ, నీకో మాట చెప్పాల. రెండు మాటలు."

"రెండూ చెప్పు. ఇంకెవరన్నా శాలువాతో రాకముందే."

అతను గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బెంజిమిన్ మాస్టారి కేక వినపడింది. "కొంప మునిగిందయ్యా! వంటమనిషి రాలేదు!"

యుద్ధం మూలాన గ్యాసు దొరకదని పొద్దున్నే పుకారు లేచింది. వంటమనిషి సిలిండర్లన్నీ ఆటోలో వేసుకుని పిడుగురాళ్ళ పోయి లైన్లో నిలబడ్డాడట. ఇక్కడ బియ్యం మూటల్లో బియ్యంగానే ఉంది. వరండా నిండా జనం, వాళ్ళతో వచ్చిన పిల్లలు. ఒక పసిపిల్ల అప్పటికే ఆకలని ఏడుస్తోంది.

అఖిల్ ఆమె వైపు చూశాడు. వరండా వైపు చూశాడు. ఇప్పుడు వెళితే మూడింటిలోపు మళ్ళీ ఆమె ఒంటరిగా దొరకదని తెలుసు.

"చెప్పవేంది?" అంది జ్యోతిర్మయి.

"ఆ పిల్ల ఏడుస్తా ఉంది" అని, శాలువా ఒకటి నడుముకి బిగించి, బడి పిల్లలకి వండే పొయ్యిల వైపు నడిచాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని యుద్ధం అనే చెప్పాలి. కట్టెల పొయ్యిలు వరసగా వెలిగాయి. ఒకరు బియ్యానికి, ఒకరు నీళ్ళకి, ఒకరు కందిపప్పుకి. ఎవరేం చేయాలో ఒక్కో మాటలో చెబుతూ అతను గుండిగల మధ్య తిరుగుతుంటే, త్రికోటేశ్వరరావుకి ఒళ్ళు పులకరించింది. "చూశారా మిలిటరీ డిసిప్లిను!" అంటూ తానూ ఉల్లిపాయలు కోయడానికి కూర్చుని బొటబొటా కన్నీళ్ళు కార్చాడు.

తాలింపు చిటపటలాడింది. ఆవాలు ఎగిరాయి. మిరపకాయలు నల్లబడబోతున్నాయి.

"మామయ్యా, ఆ గరిటె ఇటందియ్యి!" అని అరిచాడు అఖిల్.

చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆవాలు మాత్రం ఆగలేదు.

"ఏమన్నావురా?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"గరిటె అన్నాను సార్."

"దానికి ముందు?"

అఖిల్ తనే వంగి గరిటె అందుకున్నాడు. "రెండు సంగతులు చెప్తాను సార్. కలుపుతానే చెప్తాను, ఆపితే అడుగంటుద్ది. నేను అక్కడ వంటోణ్ణి. తుపాకీ కాల్చడం నేర్పారు గానీ, రోజూ పట్టేది ఇదిగో, ఈ గరిటే. ఇక రెండోది... మీ అమ్మాయిని చేసుకోవాలనుంది."

"వంటోడివా!" త్రికోటేశ్వరరావు కత్తిపీట మీదనుంచి లేచాడు. రెండో సంగతి ఆయన చెవిదాకా వెళ్ళినట్టే లేదు. "మాచర్ల దాకా చెప్పుకున్నానే! లావుపాటి కాయ నువ్వేనని చెప్పానే!"

"చెప్పబోతే రహస్యమని మీరే నోరు మూయించారు సార్."

ఆయన విసవిసా నడిచి జెండా దిమ్మ మీద, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.

రెండో సంగతి విన్న మనిషి మాత్రం గుండిగకి అవతల నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"వంటోడివై ఉండి" అంది జ్యోతిర్మయి, "నా పులిహోర చానా బాగుందన్నావా?"

అఖిల్ పప్పు ఇంకా గట్టిగా కలిపాడు.

"నిజం చెప్పు."

"ఉప్పు..."

"ఉప్పు?"

"కొన్నాళ్ళు లేదు. కొన్నాళ్ళు రెండుసార్లు పడింది."

"మరెందుకు తిన్నావయ్యా? నా మొహాన చెప్పలేకపోయావా?"

"సైన్యంలో చేరిన కాణ్ణుంచి అందరికీ నేనే పెడతన్నాను జ్యోతీ. నాకు ఎదురుగా కూర్చుని 'ఇంకాస్త వేసుకో' అన్నది నువ్వొక్కదానివే. ఉప్పు సంగతి చెబితే రేపట్నుంచి తేవేమోనని..."

ఆమె గుండిగ చుట్టూ తిరిగి ఇవతలికొచ్చింది. నాన్న వదిలేసి పోయిన కత్తిపీట ముందు చతికిలబడి ఒక ఉల్లిపాయని అడ్డదిడ్డంగా కోసింది.

"ఇట్టాగేనా?"

"కాదు."

"మరి నేర్పు" అంది తలెత్తకుండా. "నా సంగతి సరే. ముందు ఆ దిమ్మ మీద మనిషి సంగతి చూడు."

రెండు కాకముందే చాపలు పరిచారు. మెమోలు ఒళ్ళో పెట్టుకుని, ఒకరి భుజం ఒకరికి తగిలేలా అందరూ కూర్చున్నారు. జెండా దిమ్మ మీద త్రికోటేశ్వరరావు మాత్రం కదల్లేదు. వీరరాఘవమ్మ విస్తరి పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళింది.

"ఏమయ్యా త్రికోటీ, తిరునాళ్ళలో కత్తులకి దణ్ణం పెడతావు. మర్నాడు చాపకూడుకి ముందు వరసలో కూర్చుంటావు. కత్తి పట్టినోళ్ళే వీరులైతే, ఆ కూడు వండినోళ్ళు ఎవరయ్యా? వాళ్ళు వండబట్టే గదా ఊరంతా ఒక చాప మీదికొచ్చింది!"

ఆయన ఇంకాస్త అటు తిరిగి కూర్చున్నాడు.

"పప్పు చల్లారతా ఉంది" అని ఆమె వచ్చేసింది.

కాసేపటికి చాప చివర ఎవరో సర్దుకుని చోటిచ్చారు. ఎవరి మొహమూ చూడకుండా త్రికోటేశ్వరరావు వచ్చి కూర్చున్నాడు. పప్పన్నం కలుపుకుని ముద్ద మీద ముద్ద పెట్టుకున్నాడు. తర్వాత విస్తరి ముందుకు జరిపాడు. అఖిల్ ఇంకాస్త వేశాడు. ఆయన మళ్ళీ జరిపాడు.

"ఇంత పప్పు తిని ఎవడన్నా యుద్ధం చేస్తాడా?" అన్నాడు ఆఖరికి, విస్తరితో చెబుతున్నట్టు. "నిద్రపోతాడు గానీ."

ఔనని అనలేదు. కాదనీ అనలేదు.

మూడవుతుండగా బస్సు వచ్చింది. వీరరాఘవమ్మ అతని సంచిలో ఆవకాయ సీసా దోపి, పక్కకు తప్పుకుంది. అతను ఎక్కి కూర్చున్నాక బస్సు కిటికీ దగ్గర జ్యోతిర్మయి ఒక్కతే మిగిలింది. త్రికోటేశ్వరరావు దూరంగా సోడా బండి దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. కనీసం ఇటు చూడటం లేదు.

"వంటిళ్ళ మీద బాంబులెయ్యరు కదా?" అంది జ్యోతిర్మయి.

అఖిల్ నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి మానేశాడు. "చెప్పలేం" అన్నాడు.

"రోజూ ఫోన్ చెయ్యి. మాట్లాడటం కుదరకపోతే పోనీ, మోగించు చాలు."

"మీ నాన్న ఏమీ చెప్పలేదు."

"చెప్తాడు. టైం పడుద్ది."

"నాకు టైం లేదుగా జ్యోతీ."

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఉండబట్టలేక అఖిల్ లేచి ఫుట్‌బోర్డు మీదికి వచ్చాడు. బస్సు మెల్లగా సోడా బండి పక్కనుంచి మలుపు తిరుగుతుండగా, ఫోన్లో మాట్లాడుతున్న త్రికోటేశ్వరరావు గొంతు ఖంగుమని వినపడింది.

"ఏరా, మాచర్లలో టీవీ చూస్తన్నావా? మావోడు ఇప్పుడే బయల్దేరాడు... ఏం జేస్తాడా? వంట జేస్తాడు. నవ్వమాక! వీడు పెట్టకపోతే అక్కడ ఒక్క తుపాకీ లేవదు... మావోడంటే ఎవరేందిరా? మా అల్లుడు! ఆఁ, జ్యోతికే... ఎప్పుడు కుదిరిందా? ఇందాకే, పప్పు కాడ."

అఖిల్ కడ్డీ వదిలేశాడు. అక్కడికక్కడే, ఫుట్‌బోర్డు మీదే, రెండు చేతులూ ఎత్తి కాబోయే మామగారికి దణ్ణం పెట్టాడు. బస్సు గుంతలో దిగింది. మనిషి అమాంతం బయటికి ఊగాడు.

"ఏయ్ జవానూ!" కండక్టర్ చొక్కా పట్టుకుని లాగాడు. "యుద్ధానికి పోకముందే పడతావేందయ్యా!"

జ్యోతిర్మయి బస్సు పక్కనే పరుగెత్తుతోంది. ఒక చేత్తో చున్నీ పట్టుకుని, ఇంకో చేత్తో కన్నీళ్ళు తుడుచుకుంటూ, పగలబడి నవ్వుతూ.

"ఒక చెయ్యి చాల్లేవయ్యా! రెండోదాంతో కడ్డీ పట్టుకో!"