అక్కర్లేని నేచురల్

"మీ చెవులకేమైంది అలోయిస్ గారూ? అక్కడ షార్ప్ ఉండాలి!"

తెక్లా పియానో మూత ధడాలున వేసింది. పక్కగదిలో మా ప్రధాన సంపాదకురాలు డాక్టర్ ఓబర్‌మోసర్ దగ్గింది. మధ్యాహ్నానికి పేజీలు ప్రెస్సుకి వెళ్ళాలి, మీ కొట్లాట తర్వాత చూసుకోండి అని ఆ దగ్గుకి అర్థం.

వియన్నాలో పాత సంగీతాన్ని అచ్చువేసే సంస్థ మాది. కైలింగర్ అనే ఆయన ఎప్పుడో రాసిన పియానో సొనాటాకి తప్పుల్లేని ప్రతి తయారుచేయడం నా పని. ఏ స్వరాన్ని ఏ వేలితో వాయించాలో అంకెలు వేయడం తెక్లా పని. ఒక పేజీ చివరి స్వరం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. దాన్ని అరమెట్టు పైకి లేపే షార్ప్ గుర్తు కైలింగర్ చేతిరాతలో లేదు.

"పెట్టడం మర్చిపోయాడు. తొందరలో రాసేవాళ్ళు మర్చిపోరా?" అంది.

"రుజువేదీ? ఉత్త చెవిని నమ్మి గుర్తు పెడితే ఇక్కడ ఒప్పుకోరు."

"చెవినీ నమ్మరు, మనిషినీ నమ్మరు. ఆ రుజువుల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగండి! అది అలాగే అచ్చయితే నా పేరు తీసేయండి. రెండింటి రైలుకి గ్రాట్స్ వెళ్తున్నా. అక్కడ టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ సాయంత్రమే సంతకం పెట్టేస్తా."

'వెళ్ళకండి' అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఏం చూసుకుని అనను? గురువారం గురువారం వచ్చి పోట్లాడ్డం తప్ప నాతో నవ్వుతూ మాట్లాడిందెప్పుడు?

కోటు తొడుక్కుంటూ నా బల్లమీద కాగితం సంచి ఒకటి పడేసింది. ఎప్పటిలాగే గసగసాల బన్ను.

"మీకోసమేం తేలేదు. దారిలో బేకరీ ఉంది, అంతే."

విసురుగా వెళ్ళిపోయింది.

డాక్టర్ ఓబర్‌మోసర్ తొంగి చూసింది. "పోయిందా పిల్ల? షార్ప్ లేకుండానే పంపేయ్."

"ఒక్క పావుగంట ఇవ్వండి మేడమ్."

చేతిరాత ఫోటోలు మళ్ళీ ముందేసుకున్నాను. ఏమీ లేదు. చిరాకుతో పేజీ తిప్పాను. తర్వాతి పేజీ మొదట్లో మళ్ళీ అదే స్వరం, దాని ముందు నేచురల్. లేపిన స్వరాన్ని మామూలుకి దించే గుర్తు అది. మా ప్రతిలో ఆ గుర్తు లేదు! లేపని స్వరాన్ని దించడమేమిటి, దండగ అని మొన్న నేనే కొట్టేశాను. అలాంటివి ఏరిపారేసి పేజీ శుభ్రం చేయడం మా వాళ్ళందరికీ అలవాటే.

ఓరి దద్దమ్మా! దించాడంటే అంతకుముందు లేపాడనేగా! షార్ప్ ఆయన మనసులో ఉంది, కాగితం మీదికి రాలేదంతే.

రెండు గుర్తులూ పెట్టి, పేజీలు డాక్టర్ చేతిలో పెట్టాను. ఆవిడ చూసి కళ్ళజోడు తీసింది.

"ఇంకా నిలబడ్డావేం? రైలు నీకోసం ఆగుతుందనుకున్నావా?"

బన్ను సంచితోనే ట్రామెక్కాను. దానిమీద బేకరీ చిరునామా కనిపించింది. తెక్లా ఇల్లు ఊరికి ఒక చివర, ఆ బేకరీ ఇంకో చివర. మరి 'దారిలో' ఎలా అయింది? ట్రామేమో నత్తనడక నడుస్తోంది.

ప్లాట్‌ఫాం మీద తెక్లా పెట్టె లేపుతోంది.

"షార్ప్ ఉంది!" ఆయాసంతో అరిచాను. "తర్వాతి పేజీలో నేచురల్ ఉంది. లేపకపోతే దించడు కదా! మీరే కరెక్టు."

ఆమె ముఖం వెలిగి, అంతలోనే ముడుచుకుంది. "ఇది చెప్పడానికా ఇంత పరుగు?"

"ఇంకోటి కూడా దొరికింది." సంచి ఎత్తి చూపించాను. "'మీకోసమేం తేలేదు' అన్నారు. నాకోసమే తెచ్చారని ఎవరన్నారండీ? అనని మాటని కాదనడం దేనికి?"

చెవులదాకా ఎర్రబడింది. గార్డు ఈల వేశాడు.

"నాకు మీరంటే ఇష్టం తెక్లా. వెళ్ళకండి. దీనికి నా దగ్గర రుజువేం లేదు."

రైలు తలుపులు మూసుకున్నాయి. పెట్టె ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉంది.

"ఇన్ని బన్నులు తిన్నావు," అంది తెక్లా. "ఒక్కసారైనా ఆ సంచి తిప్పి చూశావా, మొద్దూ!"

అన్నాళ్ళలో నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.