మానిన ఇనుము

ఆ ఉదయం నాగాయలంక మాన్పుశాలలో పదకొండు బళ్ళు మానుతున్నాయి. వేడిదీపాల కింద వరసగా నిలబెట్టిన బస్సుల మీద గీతలు, సొట్టలు నెమ్మదిగా పూడుకుంటున్నాయి. మానేటప్పుడు లోహం సన్నగా చిటపటమంటుంది. మస్తాన్‌వలి కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నాడు. చప్పుడు ఆగిన బండిని బయటకు పంపడం, కొత్తదాన్ని లోపలికి పిలవడం, అంతే అతని ఉద్యోగం.

ఒకప్పుడు అతను టింకరు. సుత్తి, గ్యాసు కటింగు, వెల్డింగు. మాన్పులోహం వచ్చాక ఆ పనులన్నీ పోయాయి. ఆ లోహం నిండా కంటికి కనిపించని కణయంత్రాలుంటాయి. ఫ్యాక్టరీలో తమకు నేర్పిన మూలరూపాన్ని అవి మరిచిపోవు. ఎక్కడ వంగినా, చిరిగినా తిరిగి ఆ రూపానికే వచ్చేస్తాయి. పాతికేళ్ళలో వంతెనలు, పడవలు, మంచాల కోళ్ళు కూడా ఆ లోహంతోనే తయారవుతున్నాయి. యోగ్యతా ముద్ర లేని పాత ఇనుము రోడ్డెక్కకూడదని చట్టం.

పదిగంటల వేళ గేటు దగ్గర ఇంజను గట్టిగా దగ్గింది. ఆ ఊళ్ళో అలా దగ్గే బండి ఒక్కటే మిగిలింది. పశువుల డాక్టరు హైమవతి నడిపే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. నలభై ఏళ్ళది. కొత్త బళ్ళేవీ లంకల బురదలో పది గజాలు కూడా పోలేవు. ఆ జీపే పోవాలి.

"ముద్ర గడువు ఎల్లుండితో అయిపోతుంది మస్తాన్‌గారూ. ఒకసారి చూడండి" అంది హైమవతి దిగుతూ. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చొక్కా మీద ఎండిన పేడ మరకలు.

మస్తాన్‌వలి జీపు కిందికి దూరాడు. ఉప్పుగాలి, ఉప్పుబురద దాని అడుగంతా తినేశాయి. సుత్తితో తడితే ఇనుము మోగలేదు, అట్టముక్కలా డబ్‌మంది. డ్రైవరు కాళ్ళ దగ్గర రేకులో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగబడింది. ఎర్రటి పొడి అతని కళ్ళలో రాలింది.

"పైకి పెయింటు బాగానే ఉందమ్మా. లోపల ఏం లేదు" అన్నాడు బయటకొచ్చి కళ్ళు తుడుచుకుంటూ. "ఈ రేకంతా కోసి తీసేసి కొత్త రేకు వెల్డింగు చేస్తే ఇంకో పదేళ్ళు తిరుగుద్ది. నాకు పది రోజులు కావాలి."

"పది రోజులా? ఉప్పులంకలో గేదెలకి గాలికుంటు తగిలింది. రెండు దూడలు పోయాయి కూడా."

"పైగా నా వెల్డింగుకి తనిఖీవాళ్ళు ముద్ర వెయ్యరు. అచేతన లోహం అంటారు. మాన్పుపూత పూస్తే రేపటికల్లా ఇచ్చేస్తాను."

"అయితే పూతే పూయండి."

మాన్పుపూత పాత ఇనుము కోసం తయారైంది. తుప్పును తిని ఇనుముగా మారుస్తుంది, చిల్లులు పూడుస్తుంది. మస్తాన్‌వలి గోడకున్న సలహావాణి యంత్రాన్ని అడిగి, ఆ జీపు తయారైన నాటి మూలరూపాన్ని పూతలోకి ఎక్కించాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఇది పాత బండి. దీనికి దేహస్పృహ లేదు. ఫరవాలేదా?" అనడిగాడు. కొత్త బళ్ళలో లోపల మనిషి ఒళ్ళు తగిలితే మానడం ఆగిపోయే ఏర్పాటు అది.

"పూతకు దేహస్పృహ తప్పనిసరి కాదు. కొనసాగించవచ్చు" అంది సలహావాణి.

కొనసాగించాడు. మర్నాడు సుత్తితో తడితే అడుగురేకు ఖంగుమంది. తన చేత్తో ఎన్నడూ అంత నున్నగా చెయ్యలేదని అతనికి తెలుసు. ఆ రోజు అన్నం సరిగా తినబుద్ధి కాలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఉప్పులంక గేదెల కాపరి నాంచారయ్య రొప్పుతూ మాన్పుశాలలోకి వచ్చి పడ్డాడు.

"డాక్టరమ్మగోరి జీపు కట్ట మీంచి జారి పాయలో పడింది! కాలు ఇరుక్కుపోయింది. కోసే మిషను పట్రమ్మంటంది. పోటు వచ్చేత్తంది బాబాయ్, బేగి రా!"

గ్యాసు సిలిండరు, కటింగు టార్చి పడవలో వేసుకుని వెళ్ళేసరికి గంట పట్టింది. జీపు ముక్కు దించుకుని బురదలో కూరుకుపోయి ఉంది. కట్ట రాళ్ళు తగిలి అడుగురేకు చిరిగింది, ఆ చిరుగులోంచి హైమవతి ఎడమకాలు కిందికి దిగబడింది. సీటులో కూర్చునే ఉంది. మొహం పాలిపోయింది. నీళ్ళు ఆమె మోకాలి దాకా ఉన్నాయి.

మస్తాన్‌వలి నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమాడు. రేకు అంచు ఆమె పిక్కను పట్టుకుని ఉంది. చెయ్యి తీయకుండా అలాగే ఉంచాడు. వేళ్ళ కింద సన్నగా చిటపట తెలిసింది.

జీపు మానుతోంది.

"పడ్డప్పుడు వదులుగానే ఉంది" అంది హైమవతి పళ్ళ బిగువున. "బూటు అడ్డం పడి పైకి లాగలేకపోయాను. అప్పట్నించీ బిగుస్తోంది. కింద స్పర్శ పోయింది."

నీటికి పైనున్న రేకును టార్చితో కోశాడు. కోత అరచేయంత సాగేసరికి వెనక మొదలుపెట్టిన చోట అంచులు రెండూ కలిసిపోయాయి. మళ్ళీ కోశాడు. ఈసారి ఇంకా త్వరగా అతుక్కుంది. వేడి తగిలితే ఆ పూత మరింత చురుగ్గా పనిచేస్తుందని రోజూ దీపాలు వెలిగించే అతనికి ఒకరు చెప్పాలా! టార్చి పారేసి గడ్డపలుగు దూర్చాడు. నాంచారయ్య కూడా పట్టాడు. ఇద్దరూ వేలాడినా అంచు కదల్లేదు, డాక్టరమ్మ మాత్రం కేక పెట్టింది.

నీళ్ళు సీటు మీదికొచ్చాయి.

"ఇహ చాలు" అంది ఆమె. "వెనక నా సంచి ఉంది, తీయండి. అందులో తీగరంపం ఉంటుంది."

చూలు గేదె కడుపులో దూడ చచ్చి అడ్డం తిరిగితే కోసి తీసే రంపం అది. నాంచారయ్య దాన్ని చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"నావల్ల కాదమ్మా" అన్నాడు మస్తాన్‌వలి.

"పోటు నా మెడ దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది నాంచారయ్యా?"

"అర్ధగంట... అంత కూడా లేదమ్మగోరూ."

"విన్నారుగా! నా చెయ్యి వణుకుతోంది. మీ చెయ్యి వణకదు, నాకు తెలుసు." గేదెలకిచ్చే తిమ్మిరి మందు తొడలో తానే పొడుచుకుంది. బెల్టు తీసి మోకాలి కింద బిగించింది. "ఇక్కడ. ఆపకుండా లాగండి. నేను అరిస్తే ఆపుతారేమో, ఆపొద్దు."

అతను ఆపలేదు. ఒకప్పుడు ఎన్నో కోసిన చేతులు ఆ పని కూడా చేశాయి. నీళ్ళలో చేశాడు గనుక ఏం చేశాడో కళ్ళతో చూడలేదు. చూడకపోవడమే మేలన్నట్టు తర్వాత ఎవరైనా మాట్లాడితే అతను లేచి వెళ్ళిపోయేవాడు.

హైమవతి బతికింది. పాటు వేళ నీళ్ళు తీశాక నాంచారయ్య తెగిన కాలి కోసం పాయంతా వెతికాడు గాని ఏమీ దొరకలేదు. జీపును ఒడ్డుకు లాగేసరికి అడుగురేకు నున్నగా ఉంది. చిరిగిన ఆనవాలు కూడా లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు పరికరం ఆనించి చూసి, "లోహనష్టం లేదు. ముద్ర చెల్లుతుంది" అని రాసుకుని వెళ్ళారు.

నాలుగు నెలల తర్వాత ఆమె చంకకర్రతో మాన్పుశాలకు వచ్చింది. అన్నాళ్ళూ జీపు అక్కడే పడి ఉంది.

"ఉప్పులంకలో పదమూడు గేదెలు పోయాయి" అంది కూర్చోకుండానే. "నేను లేకపోతే అక్కడికి పోయేవాళ్ళు లేరు. క్లచ్చి చేత్తో నొక్కేలా ఒక లివరు పెట్టగలరా?"

మస్తాన్‌వలి అటకమీది వెల్డింగు సెట్టు దించాడు. సాయంత్రానికల్లా లివరు బిగించి, అడుగురేకుకు అతికించాడు. పొద్దున వచ్చి చూస్తే లివరు నేల మీద పడి ఉంది. అతికిన చోట రేకు అద్దంలా మెరుస్తోంది. మళ్ళీ అతికించాడు. మళ్ళీ ఊడింది. మూడోసారి బోల్టులు వేశాడు. తెల్లారేసరికి రంధ్రాలు పూడిపోయి, బోల్టులు నాలుగూ సీటు కింద దొర్లుతున్నాయి. పూత గీకి పారేద్దామంటే అది ఎప్పుడో ఇనుమంతటా ఇంకిపోయి ఉంది.

సలహావాణిని అడిగాడు. "మూలరూపంలో లేని భాగాన్ని లోహం దోషంగా భావిస్తుంది" అంది అది.

"డాక్టరమ్మకి కాలు లేదు" అన్నాడు మస్తాన్‌వలి.

"ప్రశ్న అర్థం కాలేదు" అంది సలహావాణి.

జీపు కోసం వచ్చిన హైమవతి కింద పడ్డ బోల్టుల వంక చూసింది. ఆ కళ్ళలో తడి అతను మొదటిసారి చూశాడు. పాయలో కూడా ఏడవలేదామె.

"వదిలేయండి మస్తాన్‌గారూ. మీరేం చేస్తారు?"

అతను సుత్తి బల్ల మీద పెట్టాడు. మాన్పుశాల తాళాలు దాని పక్కనే పెట్టాడు. వేడిదీపాల కింద బస్సులు చిటపటమంటూనే ఉన్నాయి. వెళ్ళి జీపు కుడివైపు తలుపు తీసి, డ్రైవరు సీటులో కూర్చున్నాడు.

"ఎక్కండమ్మా" అన్నాడు. "దారి చెప్పండి."

ఆమె చంకకర్ర వెనక్కి పడేసి ఎడమవైపు ఎక్కింది.

ఉప్పులంక కట్ట మీద, జీపు జారిన చోటు రాగానే మస్తాన్‌వలి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ముందుకు పోనివ్వడం అతనికి చేతకాలేదు.

"ఆపకండి" అంది హైమవతి ముందుకే చూస్తూ.

అతను ఎడమకాలు క్లచ్చి మీద వేసి నొక్కాడు. గేరు మార్చాడు. లంక గట్టున నాంచారయ్య బక్కచిక్కిన గేదెను పలుపుతాడుతో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.