నీలం మూత సీసా

శుక్రవారం ఉదయం పది గంటలు. మదనపల్లె టమోటా మార్కెట్ యార్డు వేలంపాటల అరుపులతో హోరెత్తిపోతోంది.

పేర్చిన క్రేట్ల చాటున నిలబడి ఆంజనేయులు ఆ రోజుకు రెండో ఎనర్జీ డ్రింక్ డబ్బా ఖాళీ చేశాడు. లోకానికి అతడు విత్తనాల కంపెనీ సేల్స్‌మన్. డిపార్ట్‌మెంట్‌కు ఏజెంట్ ట్వెల్వ్. నిద్రలేని ఉద్యోగం, డబ్బా లేకపోతే ఎలా అంటాడు. ఆ డబ్బా వల్లే నిద్ర పట్టడం లేదేమోనని మాత్రం ఒక్కనాడూ అనుకోడు. మహానుభావుడు!

తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కాయ యాడిదప్పా?"

"సదుం కాయ. మూడో కోత."

కోడ్ సరిపోయింది. ఆ తలపాగా మనిషి చీఫ్ భీమరావు.

"ఆర్కిడ్ అని విదేశీ రింగ్," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "జెట్-నైన్ అనే డ్రింక్ తెచ్చారు. ఆదివారం కుప్పంలో టెన్‌-కె రన్. ఎనిమిది వందల మంది కాలేజీ పిల్లలు. అయిదో కిలోమీటర్ దగ్గర ఫ్రీగా పంచుతారు. ఒక్కో సీసాలో పదిహేను కాఫీల కెఫీన్."

"అది తాగి పరిగెత్తితే?"

"గుండె లయ తప్పుతుంది. కొందరికి ఆగిపోతుంది. పిల్లల చేతులకు రిస్ట్‌బ్యాండ్లు కడుతున్నారు. ఎవరి గుండె ఎప్పుడు ఆగిందో నేరుగా వాళ్ల ల్యాబ్‌కు తెలిసిపోతుంది. వాళ్ల దేశంలో మనుషుల మీద చేయనివ్వని టెస్ట్, మన పిల్లల మీద చేస్తున్నారు."

"రన్ ఆపించేస్తే?"

"రింగ్ జారిపోతుంది. సరుకుతో పట్టుకోవాలి. పుంగనూరులో నీలిమను కలువు. వాళ్ల బ్రాండ్ మేనేజర్, మన ఇన్‌ఫార్మర్."

చీఫ్ ఇచ్చిన రన్నర్ల లిస్టులో రెండు వందల పద్నాలుగో పేరు దగ్గర ఆంజనేయులు చూపు ఆగిపోయింది. తేజస్విని. అతడి కూతురు. కుప్పంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తల్లి లేని పిల్ల. ఫోన్ తీయబోతే, రింగ్‌కు పొక్కుతుందని చీఫ్ చెయ్యి పట్టి ఆపాడు.

శనివారం మధ్యాహ్నం పుంగనూరు. తెల్ల కారులోంచి నల్ల కళ్లద్దాలతో నీలిమ దిగింది. బస్టాండంతా ఒక్కసారి తల తిప్పి చూసింది.

"ఎర్ర మూత సీసాలు ప్రాణం తీస్తాయి. గోడౌన్ అడ్రస్ ఇదిగో," అంది. తర్వాత నీలం మూత సీసా ఒకటి అతడి చేతిలో పెట్టింది. "ఇది ఉత్త పంచదార నీళ్లు. రుచి చూడండి. మీకు ఇలాంటివి ఇష్టమట కదా?"

ఇష్టమే. కానీ అప్పటికే మూడు డబ్బాలు లోపలికి పోయాయి. గుండె దడదడ కొట్టుకుని, ఒక దెబ్బ తప్పి, మళ్లీ పరుగందుకుంది. అతడు మూత తీసి వాసన చూసి, మళ్లీ బిగించాడు.

సాయంత్రానికి ఎర్ర మూతల గోడౌన్ సీజ్ అయిపోయింది. మిషన్ క్లోజ్ అన్నాడు చీఫ్. ఆంజనేయులు చౌడేపల్లెలో అక్క పాపక్క ఇంటికి పోయి, సీసా అరుగు మీద పెట్టి పడుకున్నాడు. నిద్ర వస్తే కదా! ఎటు పొర్లినా గుండె చప్పుడే.

తెల్లవారుతుండగా పాపక్క కేక పెట్టింది.

"ఒరే ఆంజీ, లేయిరా! దూడకేమో అయిపాయ!"

పుంగనూరు జాతి దూడ, మోకాలెత్తు ప్రాణి. పలుపు తెంపుకునేట్టు గెంతుతోంది. ఒళ్లంతా వణుకు, నోట్లో నురగ.

"ఏం పెట్టినావక్కా?"

"ఏం పెడతానురా? ఎప్పుడూ పెట్టే కుడితే. అరుగు మీద నీ సీసా మిగిలిపోయి ఉండాదే, అది గూడా తొట్లో పోస్తి. తియ్యంగుంటే ఇష్టంగా తాగుతాదని."

ఆ ఇంట్లో గంజి గానీ బియ్యం కడుగు గానీ పారబోయడం ఎరగరు. మిగిలిందల్లా కుడితి తొట్టిలోకే. ఆంజనేయులు దూడ డొక్క మీద చెయ్యి పెట్టాడు. లోపల గుండె ఆగకుండా దడదడలాడుతోంది.  నీలిమ ఈ సీసా తనను చంపడానికే ఇచ్చింది! వెంటనే చీఫ్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, నీలిమ మనల్ని అమ్మేసింది! నీలం మూతలే అసలు సరుకు!"

"మనవాళ్లను రాత్రే వెనక్కి పిలిచేశానయ్యా! నిర్వాహకుల్లో ఆమె మనుషులెవరో తెలీదు. నువ్వు పో, నేను టీమ్‌తో వస్తా."

తేజస్వినికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్.

కారు కుప్పం వైపు దూసుకుపోయింది. దారిలో చెయ్యి అలవాటుగా ఒక డబ్బా తీసింది. సగం తాగాక గానీ తనేం చేస్తున్నాడో తెలియలేదు. ఛీ, ఏం మనిషినిరా నేను అని తిట్టుకుంటూ దాన్ని బయటికి విసిరేశాడు.

అయిదో కిలోమీటర్ దగ్గరికి చేరేసరికి బ్యాండ్ మోగుతోంది. టేబుళ్ల నిండా నీలం మూతలు. నీలిమ నవ్వుతూ అందిస్తోంది. అందరికన్నా ముందు తేజస్విని! సీసా అందుకుంది. మూత తిప్పింది.

"తేజూ! తాగొద్దు!"

బ్యాండ్ హోరులో ఎవరికి వినపడుతుంది? ఆంజనేయులు తాడు దాటి దూకి, టేబుళ్లను వరసగా భుజంతో నెట్టేశాడు. సీసాలన్నీ రోడ్డు పక్క కాలవలోకి దొర్లాయి. రెండంగల్లో కూతురి దగ్గరికి చేరి, పెదవికి తగలబోతున్న సీసాను ఒక్క దెబ్బతో ఎగరగొట్టాడు.

"నాయనా! నువ్వు ఈడ యాల ఉండావు?"

నీలిమ చప్పుడు చేయకుండా తన కారు వైపు నడిచి తలుపు తీసింది. డ్రైవర్ సీట్లో అప్పటికే భీమరావు కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోవాలమ్మా?" అన్నాడు వినయంగా.

అది చూసి నవ్వబోయిన ఆంజనేయులుకు గుండె గతి తప్పింది. రోడ్డు తిరిగిపోయింది. కూతురి చేతుల్లోకి ఒరిగిపోయాడు.

కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి మంచం, ఛాతీ మీద వైర్లు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. పశువుల డాక్టరొచ్చి దూడను బతికించాడని పాపక్క ఫోన్. రన్ నంబరు కూడా విప్పకుండా తేజస్విని పక్కనే కూర్చుని ఏడుస్తోంది.

"నాకేమన్నా అయితాదని అంత దూరం నుంచి ఉరుక్కుంటా వస్తివే! నీకేమన్నా అయితే నాకెవరుండారు నాయనా?"

అతడు చెయ్యి చాచి ఆమె తల నిమిరాడు. డాక్టర్ అస్మా ఈసీజీ కాగితం పట్టుకుని వచ్చింది.

"రోజుకెన్ని డబ్బాలు తాగుతాండారు?"

"ఒకటి," అన్నాడు ఆంజనేయులు.

తేజస్విని తలెత్తి చూసింది.

"అప్పుడప్పుడు రెండు."

ఆ పిల్ల చూపు తిప్పలేదు.

"నాలుగు డాక్టరమ్మా! ఈ పొద్దు ఇంకా సగమే!"

మూడు దేశాల ఇంటరాగేషన్ గదుల్లో పేరైనా చెప్పని ఏజెంట్ ట్వెల్వ్, కుప్పంలో ఒక నిమిషం కూడా నిలవలేకపోయాడు.